ట్రిబ్యునల్ కూడా కాదన్నాక కోర్టుకు వెళ్లేవాళ్లకు

మెల్‌బోర్న్‌లో ఒక లాయరు దగ్గర కాగితాలు సర్దే పని నాది. ప్రొటెక్షన్ వీసా (సొంత దేశంలో ప్రాణభయం ఉందని ఆస్ట్రేలియాలో ఆశ్రయం కోరే వీసా) రిఫ్యూజ్ అయ్యి, ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించే ట్రిబ్యునల్‌లోనూ ఓడిపోయి మనవాళ్లెవరైనా వస్తే, ముందు ట్రిబ్యునల్ నిర్ణయం కాగితం మీద తేదీ చూస్తాను. ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టు డివిజన్ 2లో దరఖాస్తు వెయ్యడానికి ఉండేది 35 రోజులే. లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది, మీరు ఈమెయిల్ తెరిచిన రోజు నుంచి కాదు. గడువు దాటితే పొడిగించమని రాతపూర్వకంగా అడగొచ్చు గానీ, ఆలస్యం ఎందుకైందో, కేసులో బలమేముందో రెండూ చూపించాలి.

మీ ప్రాణభయం నిజమా కాదా అన్నది జడ్జిగారు తేల్చరు, వీసా ఇవ్వరు. ట్రిబ్యునల్ చట్టప్రకారం నడుచుకుందా లేదా, అంతవరకే చూస్తారు. మీరు గెలిస్తే కేసు మళ్లీ ట్రిబ్యునల్‌కే వెళ్తుంది. "నన్ను నమ్మలేదు" అన్న బాధ ఒక్కటే అక్కడ నిలవదు.

అందుకే పెన్సిల్ పట్టుకుని నిర్ణయాన్ని పేరా పేరా చదవండి. ఒకావిడ కాగితంలో "దాడికి ఆధారమేదీ ఇవ్వలేదు" అని ఉంది. ఆవిడ ఫోన్‌లో వెతికితే, విచారణకు వారం ముందే ఆస్పత్రి ఉత్తరాన్ని ట్రిబ్యునల్‌కు పంపిన ఈమెయిల్ దొరికింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టగానే మా లాయరు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ముఖ్యమైన ఆధారాన్ని అసలు పట్టించుకోకపోవడం, మీకు వ్యతిరేకమైన సంగతికి జవాబు చెప్పే అవకాశం ఇవ్వకపోవడం, ఇలాంటివి వెతకాలి. ఆ తప్పు జరగకపోతే ఫలితం మారే వీలుండేదా అని కూడా కోర్టు చూస్తుంది. దుబాసీ తప్పు చెప్పారనిపిస్తే విచారణ ఆడియో రికార్డింగ్ అడిగి తెప్పించుకుని వినండి.

దరఖాస్తుతో పాటు నిర్ణయం కాపీ జతచేసిన అఫిడవిట్ (ప్రమాణ పత్రం) కావాలి. దాని మీద జస్టిస్ ఆఫ్ ది పీస్ (ఇలాంటి సంతకాలకు సాక్షిగా ఉండే అధికారం ఉన్నవారు) ముందు సంతకం చెయ్యొచ్చు, వాళ్లు డబ్బు తీసుకోరు. ఫీజు కట్టలేని పరిస్థితి ఉంటే తగ్గించమని కోర్టును అడగండి. ఓడిపోతే మాత్రం కేసులో మీకు ఎదుటి పక్షంగా ఉండే ఇమ్మిగ్రేషన్ మంత్రిగారి తరఫు ఖర్చులు మీ మీద పడొచ్చు, ఇది ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. లాయరు కాని మైగ్రేషన్ ఏజెంటు (వీసా దరఖాస్తులకు సాయం చేసేవారు) కోర్టులో మీ తరఫున వాదించలేరు.

పేరు బయటపడుతుందని భయపడకండి, తీర్పులో అక్షరాలు, అంకెలతో మారుపేరే ఉంటుంది.

కోర్టులో కేసు వేసినంత మాత్రాన బ్రిడ్జింగ్ వీసా (కేసు తేలేదాకా దేశంలో ఉండనిచ్చే తాత్కాలిక వీసా) దానంతటదే పొడిగింపు అవ్వదు. ఇప్పుడున్నది ముగిసేలోపే వీసాలు చూసే హోమ్ అఫైర్స్ శాఖకు విడిగా దరఖాస్తు పెట్టండి. ఇల్లు మారితే కొత్త అడ్రసు ఆ రోజే కోర్టుకు తెలియజెయ్యండి.