సరస్సులో ట్రౌట్ ముట్టడం లేదా? ఫ్లై మార్చే ముందు ఇవి చూడండి

ఫ్లై (పురుగులా కనిపించేలా ఈకలు, దారం చుట్టిన గాలం) రాడ్‌తో విసరడం, లీడర్ (లైన్ చివర ఉండే సన్నటి దారం) కట్టుకోవడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. ఆ పాఠాలు ఇక్కడ ఉండవు.

సరస్సు మీద గంటసేపు చేప ముట్టకపోతే అందరం చేసే పని ఒకటే, డబ్బా తెరిచి ఇంకో ఫ్లై కట్టడం. నలుపు తీసి ఎరుపు, ఎరుపు తీసి ఆకుపచ్చ, చివరికి ఎవరో ఎప్పుడో ఇచ్చిన మెరుపుల తోకది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా ఆ ఈకల ముక్కదే. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను, అందుకే ఈ విసుగు. పారే నీళ్లలో అయితే ప్రవాహమే ఫ్లైని చేప ముందుకు మోసుకెళ్తుంది. సరస్సులో ఆ సాయం ఉండదు. ఎంత లోతులో ఉండాలి, ఎంత వేగంగా కదలాలి అన్నది మొత్తం మన చేతుల్లోనే ఉంటుంది కాబట్టి తప్పు కూడా ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

పొద్దున్నుంచి ఒక్కటి కూడా ముట్టలేదు

లోతు కొలిచారా? "పది అడుగులుంటుందిలే" అనేది కొలత కాదు.

చాలా సరస్సుల్లో ట్రౌట్ తిండిలో పెద్ద వాటా కైరోనమిడ్‌లది. ఇవి బురదలో పురుగులుగా పెరిగి, ప్యూపాగా మారి, మెల్లగా పైకి తేలి వచ్చి రెక్కలు విప్పుకుని ఎగిరిపోతాయి. చూడటానికి దోమల్లా ఉంటాయి కానీ కుట్టవు. ప్యూపా బురద వదిలిన కొత్తలో అడుగు దగ్గరే తచ్చాడుతుంది, ట్రౌట్ కూడా అక్కడే తిరుగుతూ తాపీగా ఏరుకుని తింటుంది. నోటి ముందు విస్తరి ఉండగా అది మీ ఫ్లై కోసం నాలుగు అడుగులు పైకి వస్తుందని ఆశపడకండి. అందుకే మొదట ఫ్లైని అడుగు నుంచి ఒక అడుగు పైన పెట్టి చూడాలి (రెండూ అడుగులే, ఏం చేస్తాం, రెండుసార్లు చదువుకోండి).

కొలవడం ఇలా. ఫోర్సెప్స్‌ని (గాలం ఊడదీసే చిన్న పటకారు) ఫ్లైకి తగిలించి పడవ పక్కనే నీళ్లలోకి వదలండి. అడుగు తాకగానే లైన్ సడలుతుంది. ఆ వదులు మాత్రం లాగేసి, లైన్ నిటారుగా ఉండగా ఇండికేటర్‌ని (చేప ముట్టిందని చూపే తేలే బెండు) నీటి మట్టానికి ఒక అడుగు కింద ఉండేలా జరపండి. ఫోర్సెప్స్ తీసేసి విసరండి, అంతే. రెండు నిమిషాల పని, అయినా పక్క పడవల్లో ఎవరూ చేయరు. సోనార్ (ధ్వనితో లోతు చూపే పరికరం) ఉన్నా మంచిదే కానీ అది చూపించేది పడవ కింది లోతు. మీరు విసిరేది 40 అడుగుల అవతలికి, నేల ఏటవాలుగా ఉంటే అక్కడి లోతు వేరు. కాబట్టి గట్టుకు అడ్డంగా కాకుండా, ఒకే లోతు ఉన్న వరస వెంబడి విసరండి.

15 అడుగుల లోతులో మామూలు ఇండికేటర్ పెడితే చేప పడ్డాక అది రాడ్ కొసలో ఇరుక్కుంటుంది, చేపేమో ఇంకా అంత దూరంలోనే ఉంటుంది. లాగగానే పట్టు వదిలి లీడర్ మీద జారే రకం ఇండికేటర్ వాడండి.

మునిగే లైన్ వాడేవాళ్లకు లెక్క ఇంకా సులువు, కానీ ఓపిక ఉండాలి. టైప్ 3 లైన్ (ఆ అంకె మునిగే వేగానికి గుర్తు) సెకనుకు సుమారు 3 అంగుళాలు దిగుతుంది. 10 అడుగులంటే 120 అంగుళాలు, అంటే 40 సెకన్లు. నిజంగా 40 లెక్కపెట్టినవాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను. పన్నెండో పదిహేనో దాకా లెక్కపెట్టి లాగడం మొదలుపెడతారు, మూడు నాలుగు అడుగుల లోతులో ఎవరూ లేని చోట ఫ్లైని ఊరేగిస్తారు. ప్రతిసారీ ఐదేసి సెకన్లు పెంచుతూ పోండి, ఫ్లైకి నాచు తగిలిన అంకె గుర్తుంచుకుని తర్వాత నాలుగైదు తగ్గించండి.

వేగం కూడా చూసుకోండి. ప్యూపా ఈదే తీరు చూస్తే అసలు కదులుతోందా అనిపిస్తుంది. లైన్‌ని వేళ్ల మధ్య మెల్లగా చుట్టుకుంటూ రావాలి. విసుగొచ్చేంత మెల్లగా లాగుతున్నారా? అందులో సగానికి తగ్గించండి.

పొద్దున బాగా పడ్డాయి, గాలి లేచాక ఆగిపోయాయి

నన్ను ఎక్కువ సీజన్లు ఏడిపించింది ఇదే.

తెల్లవారుజామున నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు నాలుగైదు పడతాయి. ఎండ ఎక్కుతుంది, గాలి మొదలవుతుంది, ఆట కట్టు. పడవలో ఉన్నవాళ్లంతా ఒకటే మాట: "ఎండకు చేప లోతుకు దిగిపోయింది." ఈ మాట వినడానికి ఎంత బాగుంటుందంటే నేను దాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు. నిజానికి చిరుగాలికి నీళ్లు కదిలితే ట్రౌట్‌కి పైనుంచి వచ్చే పక్షుల భయం కాస్త తగ్గుతుంది, ఇంకా ధైర్యంగా తినాలి. మరి ఎందుకు ఆగిపోతుంది?

ఒకరోజు మాకు కాస్త దూరంలో ఇంకో పడవ ఉంది. గాలి లేచాక మాకు సున్నా, అతనికి మాత్రం వరసగా పడుతున్నాయి. సిగ్గు విడిచి ఏ ఫ్లై అని అడిగాను. మంచి మనిషి, తన డబ్బాలోంచి రెండు తీసి ఇచ్చాడు. అదే ఫ్లై, అదే లోతు, గంటసేపు వేశాను. ఒక్కటీ ముట్టలేదు. తిరిగి వెళ్తూ అతని పడవ పక్కనుంచి పోతుంటే కనిపించింది, ముందు ఒక తాడు, వెనక ఒక తాడు. మాకున్నది ముందు ఒక్క లంగరే.

ఒక్క లంగరు మీద ఉన్న పడవ గాలికి నిలబడదు, తాడు చివర గాలిపటంలా అటూ ఇటూ ఊగుతుంది. లెక్క చూడండి. 12 అడుగుల నీళ్లలో 30 అడుగుల తాడు వదిలారు, పడవ పొడవు ఇంకో 12. వెనక సీటులో కూర్చున్నవాడు లంగరు నుంచి దాదాపు 40 అడుగుల దూరంలో ఉంటాడు. పడవ అటు 20 డిగ్రీలు, ఇటు 20 డిగ్రీలు ఊగిందనుకుంటే ఆ మనిషి ఈ చివరి నుంచి ఆ చివరికి పాతిక అడుగులకు పైగా ప్రయాణం చేస్తున్నాడు. కూర్చున్నచోటే కూర్చున్నాడు కాబట్టి అతనికి తెలియదు.

పడవ ఫ్లై నుంచి దూరంగా ఊగినప్పుడు ఇండికేటర్‌ని ఈడ్చుకెళ్తుంది. కింద నిటారుగా వేలాడాల్సిన ఫ్లై ఏటవాలుగా పైకి లేస్తుంది, ఏ ప్యూపా ఈదనంత వేగంతో పరిగెడుతుంది. పడవ ఫ్లై వైపు ఊగినప్పుడు లైన్ సడలిపోతుంది. సరిగ్గా అప్పుడే ట్రౌట్ పట్టుకుంటే పీల్చి, రుచి నచ్చక ఉమ్మేసి వెళ్లిపోతుంది, మీ చేతికి కబురు కూడా రాదు. దీనికి తోడు ఏటవాలు అంచు దగ్గర లంగరు వేసి ఉంటే కింద లోతే మారిపోతుంటుంది. పొద్దున ఫోర్సెప్స్‌తో కొలిచిన కొలత పొద్దునకే చెల్లు.

దీన్ని కనిపెట్టడం కష్టం, ఎందుకంటే అలల మీద అన్నీ కదులుతూనే కనిపిస్తాయి. ఇండికేటర్ వెనక సన్నటి చార, బాతు ఈదితే వెనక పడే లాంటిది, పడుతోందేమో చూడండి. గాలి అలల్లో అది సగం దాక్కుంటుంది, కళ్లు చికిలించి చూడాలి. అంతకంటే నమ్మకమైనది ఇంకోటి ఉంది. గట్టు మీద దగ్గరగా ఉన్నదొకటి, దాని వెనక దూరంగా ఉన్నదొకటి, ఒక ఎండు మోడు, దాని వెనక కొండ అంచు అనుకోండి, రెండూ ఒకే గీతలో ఉండేలా గుర్తు పెట్టుకోండి. రెండు నిమిషాలు చూడండి. మోడు కొండకు ఎడమకు, మళ్లీ కుడికి పోతుంటే పడవ ఊగుతోంది. ఒకే వైపు మెల్లగా జరుగుతూ పోతుంటే లంగరు బురదలో ఈడ్చుకుపోతోంది, అది వేరే జబ్బు, బరువైన లంగరో ఇంకాస్త తాడో కావాలి.

ఊగడానికి మందు రెండో లంగరు. గాలికి ఎదురుగా వెళ్లి ముందు లంగరు దించండి, దభీమని పడేయకండి. తాడు వదులుతూ గాలికి వెనక్కి జరగండి, తర్వాత వెనక లంగరు దించండి. ఇప్పుడు ముందు తాడు లాక్కుంటూ రెండూ బిగువయ్యేదాకా సరిచేసి కట్టండి. మళ్లీ ఆ మోడూ కొండా చూడండి, కదలకపోతే అప్పుడు లోతు కొలిచి విసరండి. గాలి దిక్కు మారితే మొత్తం మళ్లీ చేయాల్సిందే, బద్ధకించొద్దు.

ఒక హెచ్చరిక. వెనక లంగరు ఒక్కటే వేసి గాలిలో కూర్చోకండి, పడవ వెనక భాగం కిందికి ఉంటుంది, అలలు లోపలికి వస్తాయి. గాలి ముదిరితే మొదట వెనక లంగరునే ఎత్తండి. తాళ్లు చటుక్కున విప్పుకునేలా కట్టండి. లైఫ్ జాకెట్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

గట్టు మీది నుంచి వేసేవాళ్లకు పడవ బాధ లేదు కానీ ఇదే రోగం ఇంకో రూపంలో వస్తుంది. పక్కగాలి తేలే లైన్‌ని విల్లులా వంచేస్తుంది, ఆ వంపు ఫ్లైని లాక్కుపోతుంది. రాడ్ కొస నీళ్లకు ఆనించండి, వంపు పడినప్పుడల్లా లైన్‌ని ఎత్తి గాలి వచ్చే వైపుకు వేయండి. లేదా గాలి వీపు వెనక ఉండే చోటుకు మారిపోండి.

టక్కుమంటుంది, పడదు

రాడ్ ఎక్కడ పట్టుకున్నారు? కొస నీటికి ఒకటిన్నర అడుగు పైన ఉంటే అక్కడ లైన్ ఊయలలా వేలాడుతుంది. చేప ముందు ఆ ఊయలను సాగదీయాలి, ఆ తర్వాతే మీకు తెలుస్తుంది. కొసను రెండు అంగుళాలు నీళ్లలో ముంచి లైన్ వైపే చూపించండి. ఇంత చిన్న సంగతికి ఇంత తేడా ఏంటని నేనూ వాదించాను ఒకప్పుడు. మునిగే లైన్ మీద చేప తగిలితే రాడ్ ఎత్తకండి, చేత్తో లైన్‌నే గట్టిగా ఒక మూర లాగండి. ఇండికేటర్ మునిగితే మాత్రం రాడ్ వెంటనే ఎత్తాలి.

అప్పటికీ పడకపోతే గాలం మొన గోరు మీద గీయండి. జారిపోతే మొద్దుబారింది, మార్చేయండి.

చేపలు పైన ఎగురుతున్నాయి, డ్రై ఫ్లై (నీటి మీద తేలే ఫ్లై) వైపు చూడటం లేదు

నీటి మీద పడ్డ వలయం మధ్యలో బుడగ మిగిలిందా? మిగిలితే చేప పైనున్న పురుగును గాలితో సహా మింగింది, డ్రై ఫ్లై సరైనదే, సైజు తగ్గించి చూడండి. బుడగ లేకుండా వీపు, తర్వాత తోక మాత్రమే కనిపించి మునిగిపోతే అది తింటున్నది నీటి పొర కిందున్న ప్యూపాని. డ్రై ఫ్లై తీసేసి, లీడర్‌కి చివరి అడుగు వదిలేసి గ్రీజు రాసి, ప్యూపాని పైపొర కిందే వేలాడనివ్వండి. లాగొద్దు.

చేప తెంపుకుపోతోంది

"పెద్ద చేప" అని చెప్పుకోవడం బాగుంటుంది కానీ చాలాసార్లు అది గాలి వల్ల టిప్పెట్‌లో (ఫ్లై కట్టే లీడర్ చివరి సన్నటి ముక్క) మనకు తెలియకుండా పడిన చిన్న ముడి. ప్రతి అరగంటకూ టిప్పెట్‌ని రెండు వేళ్ల మధ్య జార్చి చూడండి, గరుకు తగిలితే కోసేసి కొత్తది కట్టండి, ముడిని తడిపి బిగించండి. ఇంకోటి, కాళ్ల కింద పడి ఉన్న లైన్. చేప పరుగు అందుకున్నప్పుడు దాని మీద మీ బూటు ఉంటే ఏ ముడీ ఆగదు.

మిగతావి

ఎండాకాలం మధ్యాహ్నం ఏమీ పడకపోతే థర్మామీటర్ ముంచండి. సుమారు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ట్రౌట్ హుషారుగా తింటుంది. పైన నీళ్లు వేడెక్కితే చల్లటి పొర వెతుక్కుంటుంది, అలాగని మరీ అడుక్కు వేయకండి, వేసవి చివర్లో చాలా సరస్సుల్లో అట్టడుగున ఆక్సిజన్ ఉండదు. చల్లటి నీళ్లు మొదలయ్యే పొరకు కాస్త పైన వెతకండి. 20 దాటితే పట్టి వదిలిన చేప కూడా తేరుకోవడం కష్టం, ఆ రోజుకు రాడ్ మడిచేయండి.

వాయుపీడనం, పున్నమి, లైన్ రంగు, చొక్కా రంగు గురించి అడుగుతుంటారు. నేను పట్టించుకోను.