ఏ కేసు ముందు పట్టుకోవాలి? వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్ళకు

నేను పారా లీగల్ వాలంటీరుగా, అంటే లాయరు కాకపోయినా జనానికి చట్టం సంగతుల్లో సాయపడే మనిషిగా, చేరిన కొత్తలో ఏడాది పొడుగునా ఒకే పని మీద తిరిగాను. ఒక ప్రభుత్వ ఆఫీసుకి ర్యాంపు వేయించడం. పోలియో కాలితో, కాలిపర్‌తో ఆ మెట్ల మీద అందరి ముందూ జారిపడింది నేనే కాబట్టి, అంతకన్నా ముఖ్యమైన పని నాకు ఇంకోటి కనపడలేదు. ఆ జూన్‌లోనే ఒకామె కొడుకుని చంకనెత్తుకుని వచ్చింది. పిల్లాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల ఒంటి కదలికలు అదుపులో ఉండవు. బడిలో చేర్చుకోమంటే "వీణ్ణి చూసుకోవడానికి మా దగ్గర మనుషుల్లేరు" అని పంపేశారట. "ర్యాంపు పని కాస్త తెమలనీ అమ్మా, తర్వాత నీ సంగతి చూద్దాం" అన్నాను. ర్యాంపు వచ్చింది. ఆ పిల్లాడి ఏడాది పోయింది. మరుసటి ఏడు వాళ్ళ అమ్మ మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

అప్పటినుంచి ఎవరు వచ్చినా నోటుబుక్కులో ముందు ఒక తేదీ రాసుకుంటున్నాను. ఇది ఎప్పటిలోగా జరగకపోతే చేజారిపోతుంది? ఆ తేదీని బట్టే ఏది ముందో తేలుతుంది. ఎవరు గట్టిగా అడిగారు, ఏది పేపర్లో పడుతుంది అన్నవి పక్కన పెట్టండి.

దెబ్బలు, లైంగిక వేధింపులు, ఇంట్లో గొలుసు వేసి కట్టెయ్యడం, తిండి పెట్టకపోవడం. వీటికి తేదీ ఈరోజే. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 7వ సెక్షన్ ప్రకారం బాధితులే రానక్కర్లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు చెప్పొచ్చు. మన దగ్గర మామూలుగా అది తహశీల్దారో ఆర్డీవోనో. కొన్ని దారుణాలకు 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు ఉంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. బాధితురాలి మాటను ఇంట్లోవాళ్ళ నోటి నుంచి వినొద్దు. మాట రాని ఒకమ్మాయి తరఫున గంటసేపు మాట్లాడినవాడే ఆమెను కొడుతున్నవాడని నాకు రెండోసారి కలిసినప్పుడు తెలిసింది. సైగల భాష తెలిసిన బయటి మనిషిని పిలిపించి, ఆమెతో విడిగా కూర్చోండి.

తర్వాత పరీక్షలు, అడ్మిషన్లు, ఉద్యోగం ఊడే కేసులు. నా టైమ్‌లో ఎక్కువ భాగం వీటికే పోతుంది, పోవాలి కూడా.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "సదరం సర్టిఫికెట్ ఉందా? నలభై శాతం ఉందా?" అని అడిగి, లేదంటే పంపేస్తారు. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్. ఆ నలభై శాతం కావాల్సింది రిజర్వేషన్ల లాంటివాటికి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు, 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత చదువు, ఇవన్నీ దానికిందకి వస్తాయి. కానీ 3వ సెక్షన్ చెప్పే సహేతుకమైన సర్దుబాటుకు, అంటే స్క్రైబు (మనం చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి), అదనపు సమయం, కింది అంతస్తులో సీటు లాంటివాటికి, ఆ శాతం గీత లేదు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రాయబోతే వేళ్ళు బిగుసుకుపోయే అభ్యర్థికి, నలభై శాతం లెక్కలోకి రాకపోయినా స్క్రైబు ఇవ్వాలంది. ఈ తీర్పు కాపీ ఒకటి ఎప్పుడూ సంచిలో పెట్టుకుని తిరుగుతాను. సర్టిఫికెట్ పని పక్కన నడుస్తుంది, అర్జీ మాత్రం ఆరోజే పెట్టించండి.

అర్జీ రాసేటప్పుడు "దయతలచి", "కనికరించి" కొట్టేయండి. చాలామంది పెద్దవాళ్ళకు ఇది నచ్చదు. ఆఫీసరుకు కోపం వస్తుందని భయం. మర్యాదగా రాద్దాం, అడుక్కోవద్దు. నేను రాయించేది ఇలా ఉంటుంది: "నాకు చూపు తక్కువ. ప్రశ్నపత్రంలో అక్షరాలు నేను చదవలేను. పెద్ద అక్షరాల పేపరు, స్క్రైబు, అదనపు సమయం కావాలి. పరీక్ష ఫలానా తేదీన ఉంది కాబట్టి ఐదు రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. 2016 చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఇది నా హక్కు." అడ్డంకి ఏంటి, ఏం కావాలి, ఎప్పటిలోగా. ఇంతే. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. నోటిమాటగా అడిగిన ఎన్నో కేసులు "మమ్మల్ని ఎవరూ అడగలేదే" అన్న ఒక్క జవాబుతో పోయాయి.

ఉద్యోగంలో ఉండగా యాక్సిడెంటు అయి కాలో చూపో పోయినవాళ్ళ దగ్గరికి మాత్రం మీరే వెళ్ళండి. వాళ్ళు మంచం మీద ఉండగానే స్వచ్ఛంద విరమణ కాగితం పట్టుకొస్తారు. "అన్నా, సంతకం మాత్రం పెట్టకు" అని ఫోన్లోనే చెబుతాను. ప్రభుత్వ సంస్థ అయితే 20వ సెక్షన్ ప్రకారం వాళ్ళను తీసెయ్యకూడదు, ర్యాంకు తగ్గించకూడదు. అదే పే స్కేలుతో వేరే పోస్టులోకి మార్చాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా ఉంచాలి.

ఇక అర్జీ ఎక్కడికి? ప్రభుత్వ సంస్థల్లో 23వ సెక్షన్ కింద ఒక గ్రీవెన్స్ అధికారి, అంటే ఫిర్యాదులు వినే అధికారి, ఉండాలి, రెండు వారాల్లో విచారించాలి. తృప్తి లేకపోతే జిల్లా కమిటీకి వెళ్ళొచ్చు. రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు లాయరు లేకుండా మనమే రాయొచ్చు. కమిషనరుకు సాక్షులను పిలిపించే అధికారం ఉంది, కానీ చివరికి ఇచ్చేది సిఫారసే. మూడు నెలల్లో దాన్ని అమలు చేయాలి, లేదా కారణం చెప్పాలి. ఆ మూడు నెలల గడువు తేదీ కూడా నోటుబుక్కులో ఎక్కించండి, ఎవరూ గుర్తుచేయరు.

పరీక్ష పది రోజుల్లో ఉంటే ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళి హైకోర్టులో రిట్ (హక్కు అమలు చేయించమని నేరుగా వేసే పిటిషన్) వేయడానికి లాయరును అడగండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ర్యాంపులు, లిఫ్టులు, బస్సులు, వెబ్‌సైట్లు ముఖ్యం కావని కాదు. వీటిని ఒక్కరి పేరుతో కాక పదిమంది కలిసి పట్టుకోండి. పాత ప్రభుత్వ భవనాలను మార్చడానికి చట్టం ఇచ్చిన ఐదేళ్ళు 2022 జూన్‌తోనే అయిపోయాయి. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, భవనాలూ సేవలూ వికలాంగులు వాడుకోగలిగేలా ఉండాలనే విషయంలో, ఈ చట్టం కింద చేసిన నియమాల్లోని 15వ రూల్ కేవలం సలహాలా ఉంది, చట్టానికి విరుద్ధం అని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు తయారుచేయమంది. ముందు పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఏ భవనంలో ర్యాంపు ఉంది, గ్రీవెన్స్ అధికారి ఎవరు, 4 శాతం పోస్టుల్లో ఎన్ని నింపారు అని అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. ఫొటోల్లో టేపు పెట్టి మెట్ల ఎత్తు, తలుపు వెడల్పు కనపడేలా తీయండి.

ఏ కాగితమైనా పంపేముందు ఆ మనిషికి చదివి వినిపించండి. మేధోపరమైన వైకల్యం ఉన్నా సరే, తేలిక మాటల్లో చెప్పండి. 13వ సెక్షన్ వాళ్ళ ఆస్తి, డబ్బు వాళ్ళ చేతుల్లోనే ఉంచింది. గార్డియన్ అవసరమైనా 14వ సెక్షన్ చెప్పేది కలిసి నిర్ణయం తీసుకునే పరిమిత గార్డియన్‌షిప్పే. ఒకసారి కూతురి పింఛను తండ్రి ఖాతాలోకి మార్పించమని నాతో అర్జీ రాయించారు. చదివి వినిపించగానే ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆ కాగితం చించేసి, ఆమె పేరు మీదే ఖాతా తెరిపించమని బ్యాంకుకు ఇంకోటి రాశాను.