నివురు గప్పాకే ముక్క పెట్టండి: బొగ్గుల మీద కాల్చేటప్పుడు వచ్చే చిక్కులు, వాటికి విరుగుడు

బొగ్గుల మీద కోడిని కాల్చడం కొత్తగా మొదలుపెట్టినవారు నన్ను అడిగేదంతా మసాలా గురించే. పెరుగు ఎంత వేయాలి, ఎన్ని గంటలు నానబెట్టాలి అంటారు. కానీ వంట చెడిన రోజున చూస్తే తప్పు మసాలాలో కన్నా నిప్పులో, ఇంకా సూటిగా చెప్పాలంటే ఆ నిప్పుకు అందే గాలిలో కనిపిస్తుంది. ముందు అక్కడ వెతకండి.

బొగ్గులు రాజుకోవడం లేదు

రెండు బొగ్గులను ఒకదానికొకటి తట్టి చూడండి. ఎండు బొగ్గు ఖంగుమంటుంది, చెమ్మ పట్టినది మొద్దుగా చప్పుడు చేస్తుంది. వానకాలంలో మూతి కట్టని సంచిలోని బొగ్గు గాలిలో తేమను పీల్చుకుంటుంది, ఒక పూట మంచి ఎండలో పరిస్తే సరిపోతుంది. బొగ్గు ఎండుగానే ఉన్నా అంటుకోకపోతే గాలి ఆడటం లేదని అర్థం. కుంపటి అడుగున పాత బూడిద పేరుకుని చిల్లులు పూడుకుపోయి ఉంటాయి, దాన్ని దులిపేయండి. మరో పొరపాటు, బొగ్గులను మొదటే పలచగా పరవడం. ఒకదాని వేడితో ఒకటి రాజుకోవాలి కాబట్టి ముందు కుప్పగా పోయండి, ఎర్రబడ్డాక పరవండి.

అంటించడానికి కొబ్బరి పీచు, లేదా వంటనూనెలో తడిపిన కాగితం ఉండలు చాలు. కిరోసిన్ వాసన ముక్కకు పడితే ఇక వదలదు. పెట్రోలు జోలికి అసలే వెళ్లవద్దు, దాని ఆవిరి ఒక్కసారిగా భగ్గుమని ముఖం మీదికి వస్తుంది.

పైన మాడింది, ఎముక దగ్గర పచ్చిగా ఉంది

అందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. మేడ మీద మొదటిసారి కోడి తొడలు కాల్చిన రోజు నాకూ ఇదే జరిగింది. పదిహేను నిమిషాలకే తోలు నల్లబడింది. చుట్టాలు పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు. ఒక ముక్కను కోస్తే ఎముక పక్కన కండ జిగటగా, గాజులా మెరుస్తూ ఉంది. అన్నింటినీ మళ్లీ బాణలిలో వేసి ఉడికించాల్సి వచ్చింది.

దీనికి కారణాలు రెండు. మొదటిది తొందర. బొగ్గు నల్లగా ఉండి పైన మంట ఆడుతున్నప్పుడు ముక్క పెడితే మంట తోలును కాలుస్తుంది, వేడి లోపలికి దిగదు. నివురు గప్పిన నిప్పు అనే మాటను మనం పైకి కనిపించని ప్రమాదానికి వాడుతుంటాం. కాల్చేవారికి మాత్రం ముక్క పెట్టవలసిన వేళ అదే. బొగ్గుల మీద తెల్లని బూడిద పలచగా పొరలా కమ్మి, మంట అణగి, లోపల ఎరుపు కనిపించాలి. దానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె వాడేవారు మంట చల్లారి నిప్పు నిలకడగా మారేదాకా బట్టను ముట్టరు. మనకూ అదే ఓపిక కావాలి.

రెండోది, కుంపటి నిండా నిప్పులు పరవడం. అలా చేస్తే ముక్కను పక్కకు జరపడానికి చోటే ఉండదు. నిప్పులన్నీ ఒక వైపుకు నెట్టి రెండో వైపు ఖాళీగా వదలండి. తొడ ముక్కలకు ఎముక దాకా గాట్లు పెట్టి, ఖాళీ వైపున ఉంచి మూత వేయండి. 35 నుంచి 45 నిమిషాల్లో లోపల ఉడుకుతాయి. చివర మూడు నాలుగు నిమిషాలు నిప్పుల మీదికి జరిపితే రంగు, కాలిన రుచి వస్తాయి. కోడి ఉడికిందో లేదో రంగును బట్టి తేల్చలేం, లేత కోడికి పూర్తిగా ఉడికాక కూడా ఎముక పక్కన ఎరుపు మిగలవచ్చు. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఎముకకు తగలకుండా గుచ్చినప్పుడు 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి.

నిప్పు వేడికి మాత్రం అరచేయి చాలు. ఊచలకు అర జానెడు పైన చేయి ఉంచండి. రెండు మూడు సెకన్లకే తీసేయాల్సి వస్తే అది ఎక్కువ వేడి. నాలుగైదు సెకన్లు ఆగగలిగితే మధ్యస్థం.

మంటలు ఎగసి ముక్కకు మసి పడుతోంది

కొవ్వు, నూనె నిప్పుల మీద కారడం వల్ల ఇలా అవుతుంది. నీళ్లు చల్లవద్దు, బూడిద లేచి ముక్కకు అంటుతుంది. ముక్కను ఖాళీ వైపుకు లాగి మూత వేస్తే గాలి తగ్గి మంట అణుగుతుంది. నానబెట్టిన ముక్కను గిన్నె అంచున బాగా దులిపి పెట్టండి. తేనె, బెల్లం ఉన్న పూతలు మాడి చేదెక్కుతాయి కాబట్టి చివరి అయిదు నిమిషాల్లోనే పూయండి.

ముక్క పిండిలా విడిపోతోంది

పచ్చి బొప్పాయి పట్టించి రాత్రంతా వదిలేసి ఉంటారు. మటన్‌కు రెండు గంటలు చాలు, కోడికి అసలు అవసరం లేదు.

చేప ఊచలకు అంటుకుపోయింది

చేప తడిగా ఉండి ఉంటుంది, లేదా ఊచలు చల్లగా ఉండి ఉంటాయి. చందువను పొడి గుడ్డతో రెండు వైపులా అద్దండి. ఊచలను బాగా కాగనిచ్చి, సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి వాటి మీద రుద్దండి. చేప పెట్టాక నాలుగు నిమిషాలు కదపవద్దు. అట్లకాడ దూర్చినప్పుడు తోలు పట్టుకుంటే ఇంకా వేళ కాలేదన్నమాట. తోలు కాలి గట్టిపడ్డాక తనంతట తానే ఊడి వస్తుంది.

పొగ వాసన వచ్చింది కానీ రుచి చేదుగా ఉంది

దట్టమైన తెల్లని పొగ వస్తోందంటే పొగ కోసం వేసిన కట్టె సరిగా మండక ఉక్కిరిబిక్కిరి అవుతోందని అర్థం. మూతకున్న పై చిల్లు పూర్తిగా తెరిచి ఉంచండి, వేడిని కింది చిల్లులతో సర్దండి. పొగ పలచగా, కాస్త నీలంగా కనిపించాలి. ఎండిన మామిడి, జామ కట్టె ముక్కలు ఒకటి రెండు చాలు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు వేయవద్దు, వాటి పొగ విషం.

అయిదు గంటలైనా మటన్ తొడ మెత్తబడలేదు

నిదానంగా కాల్చే ఈ పద్ధతిని అమెరికాలోని దక్షిణ రాష్ట్రాలవారు ఒక విద్యగా పెంచుకున్నారు. ఇళ్లలో వాడే మూత కుంపటి కూడా అమెరికాదే. షికాగోలో లోహపు బోయాలు (నీటి మీద తేలే గుర్తులు) తయారుచేసే చోట పనిచేసిన జార్జ్ స్టీఫెన్ 1952లో ఒక బోయాను రెండుగా కోసి దాన్ని రూపొందించారు. గాలి మన చేతిలో ఉండటమే ఆ మూతతో వచ్చిన లాభం.

కుంపటి లోపల 110 నుంచి 130 డిగ్రీలు ఉండాలి. మాంసం 65, 70 డిగ్రీలకు చేరాక థర్మామీటర్ ముల్లు అక్కడే ఆగిపోతుంది, గంట దాటినా కదలదు. మీ నిప్పుకు ఏమీ కాలేదు. మాంసం పైన తడి ఆవిరవుతూ, ఒంటి మీద చెమట ఆరినట్టు, దాన్ని చల్లబరుస్తుంటుంది. ఇక్కడ కంగారుపడి బొగ్గు కుమ్మరిస్తే పైభాగం ఎండిపోతుంది. తొడను అల్యూమినియం రేకులో గట్టిగా చుట్టండి, ఆవిరి బయటికి పోదు, ముల్లు మళ్లీ కదులుతుంది. కండను పట్టి ఉంచే కొల్లాజెన్ బాగా కరగాలంటే లోపల 90 డిగ్రీలు దాటాలి. పుల్ల గుచ్చితే అడ్డు లేకుండా దిగినప్పుడు తీసి, అరగంట అలాగే చుట్టి ఉంచండి. మాటిమాటికి మూత ఎత్తవద్దు, ఎత్తిన ప్రతిసారీ వేడి పోయి కొత్త గాలి నిప్పును రేపుతుంది. గంటకోసారి గుప్పెడు రాజిన బొగ్గులు కలిపితే సరిపోతుంది.

వంట అయ్యాక నిప్పు మిగిలింది

చిల్లులన్నీ మూసి మూత వేస్తే ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది. బూడిదను మర్నాటి దాకా చెత్తబుట్టలో వేయవద్దు, లోపల నిప్పు దాగి ఉంటుంది. చలిగా ఉందనో, వాన వచ్చిందనో రాజిన కుంపటిని గదిలోకి, మూసిన బాల్కనీలోకి తేవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, పొగ లేని నిప్పు నుంచి కూడా వస్తుంది. వాన పడితే ముక్కలను లోపలికి తెచ్చి పొయ్యి మీద ముగించండి, కుంపటిని బయటే వదిలేయండి.