మేడ మీద కలప ఆరబెట్టే పెట్టె – 3వ భాగం: పేర్చడం, తూచడం

పోయిన భాగంలో దక్షిణానికి వాలిన పారదర్శక షీటు కప్పు, దాని కింద నల్ల రేకు, వెనక గోడకు గాలి కిటికీలు బిగించాం. బెంగళూరు ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం మీద కాబట్టి కప్పుకు ఆ కాస్త వాలు చాలు. మారతహళ్లిలో మేముండే ఇంటి మేడ మీద పెట్టె సిద్ధం. (ఒప్పుకున్నందుకు ఓనరుగారికి ఒక పీట బాకీ పడ్డాను.)

సామిల్లు నుంచి తెచ్చిన అంగుళం మందం మామిడి పలకల కొసలకు ముందు పెయింటు దట్టంగా పూయండి. నీరు నార వెంట కొసల్లోంచే త్వరగా పోతుంది, బీటలు అక్కడే మొదలవుతాయి. వరుసల మధ్య అడుగున్నరకొకటి చొప్పున ఎండు రీపర్ (సన్నని చెక్క పట్టీ) ముక్కలు పెట్టండి. కింది రీపర్ మీదే పై రీపర్ రావాలి. గీత తప్పితే బరువుకు పలక వంగి, ఆ వంపుతోనే ఆరిపోతుంది.

మొదటిసారి నేను తొందరపడి కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫ్యాను ఫుల్లుగా పెట్టాను. వారానికల్లా పలకల నిండా సన్నని బీటలు! పైపొర ఎండి కుంచించుకుంటుంటే లోపలంతా ఇంకా పచ్చే, ఆ లాగుడుకే పగిలాయి. అందుకే మొదట్లో కిటికీలు రెండు వేళ్ల సందు చాలు. రాత్రి మూసేసి ఫ్యాను ఆపేయండి. మన ఊరి రాత్రి చల్లదనానికి పెట్టెలో తేమ పెరిగి, పైపొర కాస్త సర్దుకుంటుంది.

ఆరిందో లేదో చేత్తో తట్టి చెప్పే అనుభవం నాకు లేదు, కాటానే నమ్ముతాను. ఒక పలక కొస నుంచి అడుగు లోపలికి వెళ్లి అంగుళం ముక్క కోయండి. నాది 90 గ్రాములు తూగింది. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర, ఇక బరువు తగ్గనంతవరకు ఉంచితే 60కి వచ్చింది. పోయిన నీరు 30 గ్రాములు. దాన్ని ఎండు బరువుతో భాగిస్తే తేమ 50 శాతం. తడి బరువుతో భాగించకండి, అందరం చేసే పొరపాటే అది.

ఆ ముక్క పక్కనే మూడడుగుల పలక కోసి, కొసలకు పెయింటు వేసి తూచాను: 3 కిలోలు. తేమ ఎండు బరువులో 50 శాతం కాబట్టి ఇందులో ఎండు బరువు 2 కిలోలు, నీరు 1 కిలో. మనకు కావలసిన తేమ 12 శాతం, కాబట్టి అది 2 కిలోల 240 గ్రాములకు దిగాలి. దాన్ని పేర్పు మధ్యలో, సులువుగా లాగి తీసేలా పెట్టండి.

రోజూ ఒకే వేళకు తూచి పుస్తకంలో రాయండి. కిటికీలు ఎప్పుడు ఎంత తెరవాలో వచ్చే భాగంలో ఆ అంకెలు చూసే తేలుద్దాం.