బీపీ తగ్గలేదని డోసు పెంచే ముందు

పీహెచ్‌సీలో నెలనెలా మాత్రలు తీసుకునే మనిషికి 150/96 కనబడగానే డోసు పెంచాలనిపిస్తుంది. అంతకంటే ముందు కొలత సరిగ్గా తీశామా, మాత్రలు రోజూ పడుతున్నాయా అన్నవి తేల్చుకోవాలి. అదుపులో లేదనుకున్న బీపీల్లో చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎండన పడి వచ్చిన మనిషిని 5 నిమిషాలు కూర్చోనివ్వండి. టీ, బీడీ, చుట్ట, గుట్కా ఏది పడినా అరగంట ఆగాలి. మూత్రం ఆపుకొని ఉంటే వెళ్లిరమ్మనండి. వీపుకి ఆనుడు కావాలి కాబట్టి స్టూలు పనికిరాదు. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి బల్ల మీద, కఫ్ (చేతికి చుట్టే బీపీ పట్టీ) గుండె ఎత్తులో ఉండాలి. జాకెట్టు చేతి మీదుగా కఫ్ చుట్టకండి. లావుపాటి జబ్బకు చిన్న కఫ్ కడితే లేని బీపీ చూపిస్తుంది, కాబట్టి ఓపీలో పెద్ద కఫ్ ఒకటి ఉండి తీరాలి. కొలిచేటప్పుడు మీరూ మాట్లాడించకండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి.

ఇక మాత్రలు. "రోజూ వేసుకుంటున్నారా?" అంటే అందరూ ఆఁ అనే అంటారు. "పోయిన వారంలో ఎన్ని రోజులు తప్పాయమ్మా?" అని మెత్తగా అడగండి, షీటు తెమ్మని లెక్కపెట్టండి. 30 ఇచ్చి 28 రోజులైతే 2 మిగలాలి. 11 ఉంటే 9 రోజులు తప్పినట్టే. తప్పడానికి కారణం కూడా ఉంటుంది. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కొందరికి చీలమండలు వాస్తాయి, చెప్పకుండా మానేస్తారు. బీపీ నార్మల్‌కి వచ్చిందని ఆపేసేవాళ్లు మరీ ఎక్కువ. అది మాత్ర వల్లే నార్మల్‌గా ఉందని ప్రతిసారీ చెప్పాల్సిందే. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ వాడుతున్నారేమో అడగండి, అదీ బీపీ పెంచుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, నెల తర్వాత కూడా 140/90 కిందికి రాకపోతే అప్పుడు డాక్టరు మందు పెంచాలి. సాధారణంగా ఆమ్లోడిపిన్ 5 ఎం.జి.తో మొదలుపెట్టి, చాలకపోతే టెల్మిసార్టాన్ 40 కలుపుతారు. ఆపైన డోసులు పెంచి, చివరికి క్లోర్తాలిడోన్ 12.5 చేరుస్తారు. గర్భిణికీ, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకీ టెల్మిసార్టాన్ వద్దు. టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం పరీక్షలు చేయించండి.

180/110 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం ఉంటే 108 పిలవండి.

ఉప్పు తగ్గించమంటే ఎంతో ఎవరికీ తెలియదు. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా లోపు. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లోని ఉప్పు ఈ లెక్కలో లేదు, కాబట్టి అవి తినే ఇంట్లో ప్యాకెట్టు ఇంకా ఎక్కువ రోజులు రావాలి.

మాత్రలకు రావాల్సిన తేదీ దాటినా రానివాళ్ల పేర్లు వారానికోసారి తీసి ఆశా కార్యకర్తకు ఇవ్వండి.