అమెరికా కాలేజీ రిక్రూటింగ్ – మూడవ పాఠం: కోచ్‌కు తొలి ఈమెయిల్

అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థలో అన్నిటికంటే పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో పూర్తిచేయవలసిన 16 కోర్ కోర్సుల (ఇంగ్లీషు, గణితం, సైన్స్ వంటి ముఖ్య సబ్జెక్టుల) గురించీ, వాటిలో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోగా ముగియాలన్న నిబంధన గురించీ గత పాఠంలో తెలుసుకున్నాం. అర్హత ఉన్నంత మాత్రాన కోచ్‌లు మనల్ని వెతుక్కుంటూ రారు. దేశమంతా పేరున్న కొద్దిమందిని మినహాయిస్తే, తొలి అడుగు విద్యార్థే వేయాలి. ఆ అడుగు ఈమెయిల్. ఉదాహరణకు టెన్నిస్‌ను తీసుకుందాం.

ముందుగా తేదీల సంగతి. పదో తరగతి ముగిశాక వచ్చే జూన్ 15 దాకా డివిజన్ 1 టెన్నిస్ కోచ్ రిక్రూటింగ్ (జట్టులోకి తీసుకోవడం) విషయమై మీకు జవాబు రాయకూడదు, ఫోన్ చేయకూడదు. మీరు రాయడానికి మాత్రం ఏ ఆంక్షా లేదు. కాబట్టి మార్చిలో రాసిన ఉత్తరానికి ఏప్రిల్‌లో జవాబు రాకపోతే, దాన్ని తిరస్కారంగా భావించి ఆ కాలేజీని జాబితాలోంచి కొట్టివేయకండి. మూడో స్థాయి అయిన డివిజన్ 3 కోచ్‌లకు ఈ గడువు లేదు. కొన్ని ఆటలకు తేదీలు వేరుగా ఉంటాయి కనుక, మీ ఆట క్యాలెండరును ఎన్‌సీఏఏ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోండి.

ఇక ఉత్తరం. డివిజన్ 1 పోటీలో ఆరు సింగిల్స్‌కు ఆరు పాయింట్లు, మూడు డబుల్స్ ఆటలన్నిటికీ కలిపి ఒక్క పాయింటు. నాలుగు పాయింట్లు సాధించిన జట్టే గెలుస్తుంది. అందువల్ల ‘ఈ అమ్మాయి మా ఆరుగురిలో ఏ స్థానంలో ఆడగలదు, ఎప్పటికి ఆడగలదు’ అన్నదే కోచ్ మీ ఉత్తరంలో వెతికేది. క్రీడాకారులకు కాలేజీలు నేరుగా డబ్బు చెల్లించే వీలు కల్పించిన 2025 హౌస్ ఒప్పందంలో (ఒక కోర్టు కేసు పరిష్కారంలో) చేరిన కాలేజీల్లో టెన్నిస్ జట్టుకు పదిమందే పరిమితి కావడంతో, మీరు చేరే ఏడాదికి ఎన్ని ఖాళీలు వస్తాయన్నది మరింత ముఖ్యమైంది. ఆ లెక్క కాలేజీ వెబ్‌సైట్‌లోని రోస్టర్ పేజీ (జట్టు సభ్యుల జాబితా) చూసి మీరే వేయవచ్చు: ఎవరు ఏ సంవత్సరం చదువుతున్నారో, ఐదు, ఆరు స్థానాల్లో ఆడేవారి యూటీఆర్ (ఆట స్థాయిని చూపే యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్) ఎంతో రాసిపెట్టుకోండి.

ఈమెయిల్ ఇంగ్లీషులోనే పంపుతారు కానీ, అందులో ఉండవలసిన విషయం ఇది. సబ్జెక్ట్ లైన్‌లో పేరు, హైస్కూలు పూర్తయ్యే సంవత్సరం, రాష్ట్రం, యూటీఆర్. ఆ తరువాత:

“కోచ్ గారికి నమస్కారం. నేను టెక్సస్‌లో పదో తరగతి చదువుతున్నాను. 2028లో హైస్కూలు పూర్తవుతుంది. నా యూటీఆర్ 9.1, ఏడాది క్రితం 8.2. జీపీఏ 3.8. మీ జట్టులో ఇద్దరు 2028 నాటికి చదువు ముగించుకుంటారని గమనించాను. ఆ ఏడాదికి మీరు ఎలాంటి క్రీడాకారిణుల కోసం చూస్తున్నారో తెలుసుకోవాలని ఉంది. ఒక పూర్తి సెట్ వీడియో, వేసవి టోర్నమెంట్ల తేదీలు కింద ఇచ్చాను.”

ఇంతే చాలు. పాత, కొత్త యూటీఆర్‌లు రెండూ ఇవ్వడం వల్ల మీ ఎదుగుదల కోచ్‌కు వెంటనే తెలుస్తుంది. వీడియోలో గెలిచిన పాయింట్లే ఏరి అతికించకండి. బేస్‌లైన్ వెనుక, కాస్త ఎత్తులో కెమెరా పెట్టి, ఓడిన పాయింట్లతో సహా చూపండి. పాయింటు పోయాక మీరు ఎలా నడిచి వెళతారో కూడా కోచ్ చూస్తారు. ఉయ్యూరులో పుట్టిన టెన్నిస్ క్రీడాకారుడు సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడారు. ఆయనలా ఇండియా నుంచి రాదలచినవారిని కోచ్ నేరుగా వచ్చి చూసే అవకాశం తక్కువ కనుక, వారికి ఈ వీడియో మరీ కీలకం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం: ఈ ఉత్తరం మీరు రాయకండి. అచ్చుతప్పులు దిద్దండి, అంతవరకే. నాలుగేళ్లు తన జట్టులో ఉండబోయే మనిషి మాట తీరు కోచ్‌కు అందులోనే తెలియాలి. ఉపకార వేతనం ప్రస్తావన కూడా తొలి ఉత్తరంలో వద్దు. డివిజన్ 3 కాలేజీలు, ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది విశ్వవిద్యాలయాల బృందం) కాలేజీలు ఆట కోసం ఉపకార వేతనం ఇవ్వవు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సహాయం వేరు.

వచ్చిన జవాబులను చదవడమూ నేర్చుకోవాలి. క్యాంపు ఆహ్వానం, ప్రశ్నావళి వందలమందికి వెళతాయి. మీ ఫలానా మ్యాచ్‌ను పేర్కొన్నా, మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ అడిగినా, దాన్ని అడ్మిషన్ల కార్యాలయానికి ముందుగా చూపిస్తానన్నా అది నిజమైన ఆసక్తి. అలాంటి జవాబుకు ఆలస్యం చేయకుండా బదులివ్వండి.

అభ్యాసం: మీ స్థాయికి దగ్గరగా ఉన్న మూడు కాలేజీల రోస్టర్లు చూసి, ఒక్కోదానికి విడివిడిగా ఈమెయిల్ రాయండి. కాలేజీ పేరు మార్చి అదే ఉత్తరాన్ని మరొకరికి పంపగలిగితే, దాన్ని మళ్లీ రాయవలసిందే. కోచ్‌తో తొలి ఫోన్ సంభాషణ నాలుగవ పాఠంలో.