ట్రైక్‌గా మార్చిన గోల్డ్‌వింగ్‌కి రీకాల్ రిపేర్: డీలర్ దగ్గరికి వెళ్లేముందు

అమెరికాలో హోండా గోల్డ్‌వింగ్ బైక్‌ని మూడు చక్రాల ట్రైక్‌గా మార్చుకున్నవాళ్లు రీకాల్ (లోపమున్న భాగాన్ని బాగుచేస్తామని కంపెనీ బళ్లను వెనక్కి పిలవడం) రిపేర్‌కి వెళితే, డీలర్ నుంచి "ఇది కంపెనీ బండి కాదు, మేం ముట్టుకోం" అనే మాట ఎదురుకావచ్చు. అంతమాత్రాన వెనక్కి వచ్చేయకండి.

• ముందు 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) చూసుకోండి. ఫ్రేమ్ మీద, హ్యాండిల్ మెడ దగ్గర ఉంటుంది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లో అది కొట్టి, వచ్చిన ఫలితం ప్రింట్ తీసుకోండి.

• రీకాల్ ఏ భాగానిదో తెలుసుకోండి. అసలు వాదన ఇక్కడే ఉంది. గోల్డ్‌వింగ్ మోడల్ జీఎల్1800కి 2011 డిసెంబరులో వచ్చిన రీకాల్‌నే తీసుకోండి (2001–2010, 2012 మోడళ్లు). సెకండరీ మాస్టర్ సిలిండర్ (బ్రేకు వ్యవస్థలో ఒక భాగం) లోపం వల్ల వెనక బ్రేకు పట్టేసి, నిప్పంటుకునే ప్రమాదం ఉందన్నారు. ఆ సిలిండర్ ఉండేది ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) దగ్గర! అంటే, ట్రైక్‌గా మార్చినా అది అలాగే ఉండి ఉండొచ్చు. ట్రైక్‌గా మార్చే కిట్ బిగించినవాళ్లు దాన్ని ఉంచారా, తీసేశారా అన్నది వాళ్లనే అడిగి, రాతపూర్వకంగా తెచ్చుకోండి. కిట్ బిల్లు కూడా దగ్గరుంచుకోండి.

• డీలర్ దగ్గర ట్రైక్‌ని ఎత్తే లిఫ్ట్ ఉందో లేదో ఫోన్‌లోనే కనుక్కోండి.

• బ్రేకు పట్టేస్తున్నట్టు అనిపిస్తే దయచేసి నడపొద్దు, ట్రైలర్ మీద తీసుకెళ్లండి. ఇందులో మొహమాటం వద్దు.

• డీలర్ కాదంటే కారణం రాసివ్వమనండి. ఆ కాగితంతో కంపెనీ కస్టమర్ కేర్‌కి, అక్కడా పనికాకపోతే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఫిర్యాదు చేయండి.